మూతపడని రెప్ప

జుముంజిన్ రేవు,
మార్చి 9

దోహీ,

ప్రియమైన అని రాయడం నాకు చేతకాదు, రాశాననుకో. ఈ ఏడు వేటకెళ్తే స్క్విడ్ పడడం లేదు. మోకాళ్లు సలుపుతున్నాయి. సియోల్ వెళ్లొచ్చిన మీ అత్త చెప్పింది, కళ్లు పెద్దగా కనబడేలా మడత పెట్టించుకోడానికి కనురెప్పలు మళ్లీ కోయించుకున్నావట. మొదట పెట్టిన మడత విడిపోతే ఇంకా పైన పెట్టించావట. నేనిచ్చిన మొహం నీకు చాలలేదా? నావీ ఇవే రెప్పలు. వీటితోనే నలభై ఏళ్లు పడవ నడిపాను. కొత్త సంవత్సరం పండక్కి ఎందుకు రాలేదో ఇప్పుడు తెలిసింది.

మీ నాన్న,
చున్‌సిక్

సియోల్,
మార్చి 27

ప్రియమైన నాన్నకు,

ఎడమ కన్ను మూతపడడం లేదు. నిద్రలో కూడా సందు ఉండిపోతోంది. కనుగుడ్డు ఎండిపోయి చూపు మసకేస్తోంది. కొత్త డాక్టరు బొమ్మ గీసి చూపించాడు. మన రెప్పలో కొవ్వు బాగా కిందికి దిగి ఉంటుందట, రెప్పను ఎత్తే కండరం చర్మాన్ని పట్టుకోదట. అందుకే మడత నిలవలేదట. అది చూసుకోకుండా రెండోసారి చేసినాయన కొవ్వూ చర్మమూ ఎక్కువ తీసేశాడు. ఇప్పుడు మూయడానికి చర్మం చాలదు, తెచ్చి అతకాలి. మళ్లీ కత్తి కింద పడుకోవాలంటే భయం నాన్నా. మొహం మీరిచ్చారు, నిజమే. ఉద్యోగం దరఖాస్తుకు ఫొటో తీయించిన రోజు మీకు గుర్తుందా?

మీ దోహి

జుముంజిన్,
ఏప్రిల్ 20

తల్లీ దోహీ,

నీకు చెప్పకుండా సియోల్ వచ్చి మీ డాక్టరును కలిశాను. ముసలితనంతో నా రెప్పలు కళ్ల మీదికి జారాయి కదా. "ఈ వేలాడేది కోసి మా అమ్మాయికి అతకండి. ఇద్దరిదీ ఒకటే రకం" అన్నాను. చేపల ఐసుపెట్టె కూడా తీసుకెళ్లాను. నర్సు నవ్వింది.

"నవ్వుతావేంటమ్మా? కడిగే తెచ్చాను" అన్నాను.

డాక్టరు నవ్వలేదు. "తండ్రిదైనా సరే, ఇంకొకరి చర్మం నిలవదు తాతా. తన చెవి వెనకదే తీయాలి."

"కన్ను మూతపడుతుందా?"

"చాలావరకు. పూర్తిగా అని మాటివ్వలేను. ఆలస్యం చేస్తే మాత్రం చూపు పోతుంది. పోనీ, మీ రెప్పలు పైకెత్తమంటారా? దారి బాగా కనిపిస్తుంది."

వద్దని వచ్చేశాను.

ఫొటో రోజు గుర్తుంది. స్టూడియోవాడు ఊరుకున్నా నేనే అరిచాను, "కళ్లు తెరువే, ఈ నిద్రమొహానికి ఉద్యోగం ఎవడిస్తాడు!" అని. అక్కడున్నవాళ్లంతా నవ్వారు. నేనూ నవ్వాను. ఆ తరవాత నువ్వే మోజుపడి కోయించుకున్నావని ఊరంతా చెప్పాను. అబద్ధం.

ఆపరేషన్ సంగతి నువ్వే తేల్చుకో. చేయించుకుంటే బయట బెంచీ మీద కూర్చుంటాను. వద్దనుకుంటే వచ్చి కంట్లో మందు వేస్తాను. నీ మొహం గురించి మాత్రం ఇక నోరెత్తను.

తప్పు చేసిన మీ నాన్న,
చున్‌సిక్