ఒక సైజు పెద్ద ఇంజను

చిరంజీవి మా అమ్మాయికి, నాన్న తలనిమిరి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ అమ్మా నేనూ బాగానే ఉన్నాం. కొండమీద చలికి పడిశం పట్టిందని రాశావు, తగ్గిందా? ఆ వాతావరణ కేంద్రంలో లోకం గాలినంతా కొలిచే పిల్లకి తన ముక్కులో గాలి ఆడటం లేదట అని అమ్మ ఒకటే నవ్వు. సరుకుల బండి వెళ్తే తప్ప నీకు ఉత్తరం చేరదు కాబట్టి, ఈ పూట బండికి అందించాలని షాపు తలుపు తియ్యకుండా లోపల కూర్చుని రాస్తున్నాను. బయట ఎవరో కాలిపోయిన పంపు మోటారు పట్టుకుని తలుపు బాదుతున్నాడు. బాదనీ.

నువ్వు అడిగినవాటికి జవాబులు. అమ్మకి కొత్త కళ్ళద్దాలు వచ్చాయి. అప్పటినుంచి ఇంట్లో బూజు కనబడుతోంది, నాకు నిచ్చెన ఎక్కే పని పడింది. వంటగది కప్పు కారడం ఆగింది. ఆరాధనలో నేను చేసే ప్రసంగాల్లో గొంతు తగ్గించమన్నావు. తగ్గింది తల్లీ. ఎందుకు తగ్గిందో ఈ ఉత్తరం కిందికి వెళ్ళేసరికి నీకే తెలుస్తుంది.

నువ్వు కట్టిన బొమ్మ విమానం గురించి అడిగావు. పడేముందు ఇంజను ఆగిపోయిందా అన్నావు. లేదు, నేల తాకేదాకా మోగుతూనే ఉంది. తోక ముందే ఊడిందా అన్నావు. ఊడలేదు. నువ్వు అతికించిన ప్రతి అతుకూ గట్టిగానే ఉంది, చెక్క విరిగింది గాని అతుకు విడలేదు. ఆ రోజు నిజంగా గాలి వీచిందా అని కూడా అడిగావు. దానికి కాస్త ఆగు.

నీ ఉత్తరంలో చివరి పేరా దగ్గర నేను ఆగితే, అమ్మే కాగితం లాక్కుని పైకి చదివింది. "నాన్న ప్రసంగంలో చెప్పింది నిజమే అయ్యుంటుంది. గర్వంతో తొందరపడి అతికించాను, దేవుడు దించాడు. పోటీలోంచి నా పేరు తీసెయ్యమని పళ్ళ డాక్టరుగారికి చెప్పండి. విమానాన్ని కిందనుంచి నడిపే రేడియో ఆయన్నే ఉంచుకోమనండి. ఇక నేను కట్టను." అమ్మ కాగితం మడిచి నా చేతిలో పెట్టింది. ఆ మడత ఉంది చూశావూ, నేను ఇన్నేళ్ళు అరిచిన ప్రసంగాలన్నీ దాని ముందు దిగదుడుపే.

కొండెక్కే ముందు నువ్వు నాకు అప్పగించిన పని గుర్తుందిగా. విమానం నువ్వే కట్టావు. ఇంజను కొని బిగించి, మన పళ్ళ డాక్టరుగారి చేత ఒకసారి ఎగరేయించి ఉంచితే, సెలవుమీద దిగి పోటీకి వెళ్తానన్నావు. ఏ ఇంజను కొనాలో, ఎంత పెద్ద పంకా వెయ్యాలో, తోకని తిప్పే చిన్న మోటార్లు ఎంత తేలికగా ఉండాలో విడమరిచి చెప్పావు. "నాన్నా, బలం చూసి మోసపోకు. గిరికీలు కొట్టే విమానం పైకెక్కేటప్పుడూ కిందికి దిగేటప్పుడూ ఒకే నడక నడవాలి. దిగేటప్పుడు పరుగెత్తకుండా పట్టి ఉంచేదే మంచి ఇంజను. నేను చెప్పిందానికి ఏమీ కలపకు, ఏమీ తీసెయ్యకు. నీ బైబిలు వాక్యం లాగే అనుకో" అని నవ్వావు కూడా.

బొమ్మ విమానాల షాపువాడు నువ్వు చెప్పిందే తీసి బల్లమీద పెట్టాడు. అది నా గుప్పెట్లో ఇమిడిపోయింది. దాని పక్కన అదే అచ్చులో ఇంకో ఇంజను ఉంది. ఒక సైజు పెద్దది.

"అది ఇంకా బరువైన విమానాలకండీ. మీ అమ్మాయి చెప్పింది ఇదే కదా?" అన్నాడు.

"బాబూ, నేను మోటార్లు బాగుచేసేవాణ్ణి. ఒక సైజు పెద్దది వేసిన పంపు ఎప్పుడూ కాలదు" అన్నాను.

"ఇది నీళ్ళు తోడదండీ."

వాడు నవ్వలేదు. నేనే నవ్వి, పెద్దదే తెచ్చాను. వాక్యానికి ఒక్క మాట కలిపినా, తీసినా ఊరుకోనని వేదికమీద బల్ల గుద్దేవాణ్ణి కదా! సొంత కూతురి మాట దగ్గరికి వచ్చేసరికి కలిపేశాను.

బిగించాక నువ్వు రెక్కల కింద పెన్సిలుతో గీసిన గుర్తు దగ్గర రెండు వేళ్ళమీద నిలబెట్టి చూశాను. ముక్కు వాలిపోయింది. అక్కడైనా బుద్ధి రావాలా? రాలేదు. తోకలో సీసం ముక్కలు కూరి సమం చేశాను. పెద్ద ఇంజను బరువుకి సీసం బరువు తోడు. గొర్రెలు కాసే కుర్రవాడికి రాజు తన కవచం తొడిగిన ఘట్టం ఎన్నిసార్లు బోధించి ఉంటాను! బరువుకి అడుగు పడక విప్పేశాడు ఆ పిల్లవాడు. నీ విమానానికి విప్పుకోవడానికి చేతులు లేవమ్మా.

మైదానంలో డాక్టరుగారు దాన్ని చేతిలోకి తీసుకుని కనుబొమలు ముడిచారు. "అయ్యగారూ, బరువుగా ఉందే? ఇది తను చెప్పిన ఇంజనేనా?"

"అదే" అన్నాను. తడుముకోలేదు కూడా.

లేచింది. ఎంత ఠీవిగా లేచిందనుకున్నావు! నా ఛాతీ ఉప్పొంగింది. పైన గుండ్రంగా తిరిగి కిందికి దిగేటప్పుడు నువ్వు చెప్పినట్టే అయింది. నడవలేదు, పరుగెత్తింది. డాక్టరుగారు చేతిలోని రేడియోతో తోక లాగుతూనే ఉన్నారు. ముక్కు లేచింది గాని ఒళ్ళు లేవలేదు. పొట్టతో నేలని కొట్టుకుంది.

ఇప్పుడు నీ ప్రశ్నకి జవాబు. ఆ రోజు గాలి లేదు తల్లీ. ఆకు కదల్లేదు. పోయిన ఉత్తరంలో సుడిగాలి కూల్చిందని రాసింది అబద్ధం. గాలిని కొలిచి బతికే పిల్లకి గాలి గురించి అబద్ధం రాశాను, అంత గుడ్డితనం! నువ్వేమో మీ కేంద్రంలో మన ఊరి ఆ రోజు గాలి లెక్కలు తిరగేసి, గాలి లేదు గనక నాన్న పొరబడ్డాడని, తప్పు నీ అతుకులదని తేల్చుకున్నావు. నాన్న అబద్ధమాడతాడని మాత్రం తోచలేదు నీకు. ఆ నమ్మకమే నన్ను నిలువునా కోస్తోంది.

ఇంకా ఉంది. ఎవరూ చూడకముందే ఇంజను ఊడదీసి గుడ్డలో చుట్టి, మన సమావేశపు గదిలో వేదికమీది ప్రసంగం బల్ల అరలో దాచాను. తర్వాతి ఆరాధనలో ఆ బల్లమీదే పుస్తకం తెరిచి, మనిషి ఆకాశానికి ఎగబాకితే దేవుడు ఎలా కూల్చాడో చెప్పాను. నీ పేరెత్తకుండా నీ విమానం గురించే చెప్పాను. గది అంతా ఏడ్చింది. ఆ ప్రసంగాన్నే నీకు ఉత్తరంలో గొప్పగా రాసి పంపాను. నేనెంత రెచ్చిపోయి అరిస్తే ఇంజనులోంచి, ఇంధనంలో కలిపే ఆముదం వాసన అంతగా పైకి తన్నుకొచ్చింది. ముందు వరసలో ముసలమ్మ ముక్కు ఎగబీల్చి, "అయ్యగారు ఇవాళ తలకి బాగా పట్టించినట్టున్నారు" అంది పక్కావిడతో. నాకు వినబడింది. అయినా ఆపలేదు. తప్పు దేవుడిమీద వేస్తే అడిగేవాడుండడని నాకు తెలుసు.

నిన్న గుడ్డమూట పట్టుకుని డాక్టరుగారి దగ్గరికి వెళ్ళాను. నీ పేరు తీసెయ్యమని చెప్పడానికి కాదు. మూట విప్పి, జరిగింది చెప్పాను. ఆయన ఇంజను తిప్పి తిప్పి చూశారు.

"నా చేతులమీద నాకే అనుమానం పుట్టించారండీ మీరు. నాకు వణుకు మొదలైందేమో అనుకున్నాను. పన్ను పీకేటప్పుడల్లా వేళ్ళు చూసుకుంటున్నాను."

"క్షమించమని అడగడానికి కూడా మొహం లేదండీ."

"నన్ను తర్వాత అడుగుదురుగాని. ఆ అమ్మాయికి చెప్పారా?"

ఇంటికొచ్చి, వచ్చే ఆరాధనలో అందరిముందూ ఒప్పుకుంటానని అమ్మతో అన్నాను. గరిటె పట్టుకునే ఇటు తిరిగింది. "అదీ ఒక ప్రసంగమే అవుతుంది. మీరేడుస్తారు, వాళ్ళేడుస్తారు, ఇంటికొచ్చి భోంచేస్తారు. ముందు దానికి రాయండి. ఏడవకుండా రాయండి" అంది. ఏడవకుండానే రాస్తున్నాను. అందుకే అక్షరాలు ఇంత బిగుసుకుపోయాయి.

నీ పేరు పోటీలో అలాగే ఉంది. తన పాత విమానం ఒళ్ళు బాగానే ఉందనీ, నువ్వు సరేనంటే ఇస్తాననీ డాక్టరుగారు అన్నారు. దానికి ఏ ఇంజను, ఏ పంకా అన్నది నువ్వు ఆయనకే రాయి, నాకు వద్దు. కొనేది ఆయన. నేను మైదానం దాకా మోసుకొస్తాను, రమ్మంటేనే.

నన్ను క్షమించకపోయినా సరే. కానీ దేవుడు దించాడని మాత్రం నమ్మకు, దించింది నేను. "తల్లిదండ్రుల మాట వినండి" అని ఎందరి పిల్లలకో చెప్పిన నోటితోనే, నా కూతురు నా మాట పెడచెవిన పెట్టాలని మొదటిసారి ప్రార్థన చేస్తున్నాను.

ఇట్లు,
నీ ముందు తలెత్తలేని
నాన్న