అమ్మ లేని ఆల్బమ్

ఆదివారం రాత్రి

చెల్లి పెళ్లి ఆల్బమ్ ఈ రోజు వచ్చింది. చివరి పేజీ దాకా తిప్పి అమ్మ మెల్లగా అడిగింది: "ఒక్క ఫొటోలో కూడా నాను లేనేటే?"

ఫొటోగ్రాఫర్‌కు ఫోన్ చేశాను. "మీయమ్మగారు ఎప్పుడూ వంటల కాడే ఉన్నారు గదమ్మా, నానేటి సేస్తాను?" అన్నాడు. పెళ్లికొడుకు కాళ్లు కడిగేటప్పుడు నీళ్లు పోసింది అమ్మే. ఆ ఫొటోలో చెంబు ఉంది, చెయ్యి ఉంది, మనిషి లేదు.

సాయంత్రం ఆ ఫొటోగ్రాఫర్ భార్య కూతురిని వెంటబెట్టుకుని నా టైలరింగ్ షాపుకు వచ్చింది. గురువారం జరిగే పిల్ల ఓణీల ఫంక్షన్‌కు జాకెట్టు గుడ్డ తెచ్చింది. "లచ్చివారం పొద్దున్నకల్లా కావాల వదినా" అంది. నవ్వుతూ ఆ పిల్ల కొలతలు తీసుకున్నాను. ఆ గుడ్డ మీద కత్తెర పెట్టను. లక్ష్మివారం వచ్చి నా గుమ్మంలో ఏడవనీ. పిల్ల తప్పేమీ లేదని తెలుసు, అయినా సరే.

గుడ్డను బీరువాలో పెట్టి తాళం వేశాను. అమ్మకు తెలియకూడదు. తెలిస్తే తనే కూర్చుని కుట్టి ఇచ్చేస్తుంది.