ముక్కులో గొట్టం, కడుపులో మంట

చిరంజీవి మరదలికి ఆశీస్సులు.
కాలికి కట్టుతో బయల్దేరకు, ఇక్కడ ఆసుపత్రిలో మీ ఆయన దగ్గర నేనున్నాను. తమ్ముడికి క్లోమం వాచి ఆ మంట ఒళ్లంతా పాకింది. ఇంకా కళ్లు తెరవలేదు. పేగులకి పని లేకపోతే వాటి గోడలు పాడై మంట మరీ పెరుగుతుందట. అందుకని ముక్కులోంచి గొట్టం వేసి తిండి పంపుతున్నారు. దానికో డైటీషియన్ ఉంది. వాడికేది పడుతుందో చూడగానే చెప్పేసింది.
నీ వదిన
తా.క. చక్కని పిల్ల. ఆవిడ పెట్టింది వీడు చుక్క వదలడం లేదు.

వదినగారికి నమస్కారాలు.
కాలికి కట్టు పడేదాకా మా క్యాంటీన్‌లో అంతమందికి వండి మెప్పించాను. ఈయన మాత్రం ముద్దముద్దకీ వంక పెడతారు. ఆవిడ చూడగానే చెప్పేసిందా? డబ్బాలో నా వంట పంపుతున్నాను, మెత్తగా చేసి గొట్టంలో పోయించండి.
మీ మరదలు
తా.క. చక్కదనం సంగతి నేనడిగానా?

మరదలికి,
నీ డబ్బా నర్సు లోపలికి రానివ్వలేదు. నేనే తినేశాను. ఇక్కడ పోసేది పాలలా ఉంటుంది, అందులో చేపనూనె కూడా ఉందట. మంట తగ్గించవచ్చు, ఖాయంగా చెప్పలేమన్నాడు డాక్టరు. ఏదైతేనేం, జ్వరం దిగింది. అంతా ఆవిడ చేతి చలవ.
నీ వదిన
తా.క. నుదుటి మీద ఆ చెయ్యి వేసింది కూడా.

వదినగారూ,
చేపనూనెనా! నేను చేప వండితే ముక్కు మూసుకుని వీధిలోకి పోయే మనిషి, సరాసరి ముక్కులోంచే పోస్తే ఊరుకున్నారా? ఆయన మంట తగ్గింది, సంతోషం. నా కడుపుమంటకి ఏ గొట్టం వేస్తారో కనుక్కోండి. ఆయన బతికితే చాలు. కానీ ఆవిడే బతికించిందని జన్మంతా వినలేను.
మీ మరదలు
తా.క. కర్రతో నడవడం నేర్చుకుంటున్నాను. కర్ర నడవడానికే అనుకోకండి.

మరదలికి,
గండం గడిచింది. గొట్టం తీసేశారు. వాడు కళ్లు తెరిచి, నీ ఉత్తరాలు చదివి, నా చేతిలో కలం లాక్కున్నాడు.
నీ వదిన
తా.క. ఇది నేను, మీ ఆయన్ని. ఆ డైటీషియన్ కొలతలు చెప్పి వెళ్లిపోయేదట, అంతే. నా నుదుటి మీద చెయ్యి అక్కదేనట. నర్సు చెప్పింది. మగతలో నేను నీ పేరే కలవరించానట, ఒక్కసారైనా ‘అక్కా’ అనలేదట. అక్క నా పక్కనే కూర్చుని సేవ చేస్తూ కుళ్లుకుంది, నీకూ కాస్త పంచింది. ఏమీ అనకు. అక్క చూడకుండా కవరు అంటించేస్తున్నాను.
మళ్లీ తా.క. చూశాను. కవరు అంటించే ఓపిక కూడా వాడికెక్కడిది, అంటించింది నేనే. ఇన్నాళ్లూ వాడు పిలిచింది నిన్నేగా, వచ్చి పలుకు.