ముత్తయ్యను వెంటబెట్టుకొని రండి

హైదరాబాదు, 1949

కాటయ్య బావకు నమస్కారాలు. ఒళ్లు బాగానే ఉంది, నిద్రే పట్టడం లేదు.

నాన్న కర్మలకు ఊళ్లో ఆగిపోయి పరీక్ష తప్పానని మెడికల్ కాలేజీలో నా పేరు కొట్టేశారు కదా, దానిమీద వేసిన దావా నిన్న హైకోర్టులో పిలిచారు. చావు మాట వట్టిదని కాలేజీ వకీలు అన్నాడు. జడ్జి నా తలవైపు చూశాడు. జుట్టు ఎప్పుడో పెరిగిపోయింది. సోమవారానికి సాక్షి కావాలి. నాకు గుండు చేసిన ముత్తయ్యను పాలకీడు నుంచి వెంటబెట్టుకొని రండి. గొర్రెలకు గాలికుంటు తగ్గిందా? అక్కను, పిల్లలను అడిగానని చెప్పండి.

మన వకీలేమో, "గా మంగలాయనెందుకయ్యా, మీ అమ్మను నిలబెట్టు. ఆమె నొసలు సూస్తే జడ్జి ఇంకేం అడగడు" అంటున్నాడు.

ముత్తయ్య రానంటే దావా పోనీయండి బావా. అమ్మను మాత్రం తేవద్దు.

మీ బిక్షపతి