ట్రైలోబైట్ నడక

మంగళవారం, వాన

ట్రైలోబైట్ నడక ఈ రోజు కూడా పాసవలేదు. కోట్ల ఏళ్ల కిందట సముద్రంలో బతికి అంతరించిపోయిన ఆ జీవి కాళ్లు రాతి స్కాన్‌లో స్పష్టంగానే ఉన్నాయి. మ్యూజియం కోసం కంప్యూటర్లో వాటిని నడిపించడమే నా పని. మనిషి నడకైతే ఫోన్ ముందు నేనే నడిచి రికార్డు చేసుకుంటాను. దీనికి అది కుదరక, మా బాత్‌రూమ్ గోడ మీద పాకుతున్న రోకలిబండ పురుగును వీడియో తీసి, దాని కాళ్ల కదలికనే దీనికి ఎక్కించాను.

మ్యూజియం మేడమ్ వీడియో కాల్‌లో చూసి, "బాగుందమ్మా. కానీ ఇది రోకలిబండ నడక," అన్నారు.

"మరి దీని నడక ఎట్లుంటది మేడమ్?"

"ఎవరు చూశారు?"

ఎల్‌బీ నగర్‌లో మెట్రో ఎక్కినా ఆ మాట వదల్లేదు. దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్లు దిగే జనంలో అక్కలా నడిచే మనిషి కోసం వెతికాను. అక్క ఎలా నడిచేదో గుర్తుంటే కదా పోల్చుకోవడానికి. చనిపోయి ఆరేళ్లు. ఉన్న ఫోటోలన్నింటిలో నిలబడే ఉంది.

ఇంటికొచ్చి అమ్మను అడిగాను.

"అచ్చం నీ లెక్కనే నడిచేది బిడ్డా. జర గా తలుపు దాంక నడువు, చూస్త."

నడిచాను. ఇంకోపారి అంది. మళ్లీ నడిచాను.

"ఏమో బిడ్డా. ఇప్పుడు దాన్ని యాది చేసుకుంటే నువ్వే కండ్లల్ల కనిపిస్తున్నవ్."

అడగకుండా ఉండాల్సింది.