గుండీలు కట్టిన మూటలు

మామయ్యా, నేను పనికి వెళ్తున్నాను. అత్తయ్య బొంతలకి దాచిన గుడ్డముక్కలన్నీ నిన్న ఆవిడా నేనూ కూర్చుని సర్దాం. ఆ మూటలు విప్పి కలిపేయకండి. వాటికి కట్టిన గుండీలు కూడా తీయకండి. ఒక గుండీ ఉంటే ఎరుపు, రెండుంటే నీలం, అసలు లేకపోతే పసుపు. తడిమితే తెలియడానికి అత్తయ్యే అలా కట్టుకున్నారు.

మీకు చెప్పొద్దని నా చేత ఒట్టు వేయించుకున్నారు గానీ, నాకు మనసొప్పడం లేదు. ఆవిడకి చూపు పోతోంది. పోయింది ఇక తిరిగి రాదని డాక్టరు చెప్పేశారు. మొన్న ఎర్ర బొంతలో ఆకుపచ్చ ముక్క కుట్టారని మీరు నవ్వితే, ఆవిడా మీతో పాటు నవ్వేశారు. తర్వాత వంటింట్లోకి వచ్చి, "నిజంగా అంత తేడాగా ఉందా, అమ్మాయీ?" అని మెల్లగా అడిగారు. ఇక మీదట నవ్వకండి.

పసుపు ఇంకా కాస్త కనిపిస్తోందట. అందుకే పసుపు బొంత ముందు మొదలుపెట్టారు. అడగక ముందే సూదిలోకి దారం ఎక్కించి పెట్టండి.

అన్నట్టు, మీ పాత గళ్ల చొక్కాని ఏ మూటలోనూ పెట్టనివ్వలేదు. "అది మీ మామయ్యది. చేత్తో పట్టుకుంటే పోల్చుకోగలను" అన్నారు.