నింపుడా, చుట్టుడా

మార్చి 4
బడి నుంచి రాగానే శ్రావణి పుస్తకం నా ముందు పెట్టింది. "ఇయ్యాల స్థూపం." ఎనిమిదో తరగతి కూతురే నాకు పంతులమ్మ. ఓపెన్ స్కూల్ పదో తరగతి పాసవ్వడానికి నాకు ఇక లెక్కలొక్కటే మిగిలాయి.

మార్చి 5
డబ్బా వ్యాసార్థం ఏడు, ఎత్తు పది. నూనె ఎంత పడుతుంది? నాలుగు వందల నలభై అని రాశాను. శ్రావణి తల పట్టుకుంది. "అమ్మా, గది డబ్బా చుట్టూ కాయిదం అతికిస్తే వచ్చేది! నూనె లోపల పోస్తరు గద."

మార్చి 6
మళ్ళీ అదే తప్పు.

మార్చి 8
మా అవస్థ చూసి చూసి అత్తమ్మే లేచింది. పప్పు డబ్బా ఖాళీ చేసి తెచ్చింది. "బొమ్మ జూస్తే ఏం తెలుస్తది? జర చేత పట్టి చూడు." శ్రావణి దానికి పాత క్యాలెండర్ కాగితం చుట్టింది, అంచు కత్తిరించింది, విప్పి నేల మీద పరిచింది. దీర్ఘచతురస్రం! పొడవు — డబ్బా చుట్టుకొలత. వెడల్పు — దాని ఎత్తు. ఇన్నాళ్ళూ బట్టీ పట్టిన సూత్రం కళ్ళ ముందే ఉంది… గట్టిగా నవ్వేశాను. మగ్గం దగ్గర నుంచి ఆయన — "ఏంది పద్మా, గట్ల నవ్వుతున్నవ్?" కాగితం ఎత్తి చూపించాను.

మార్చి 9
లెక్క చదవగానే శ్రావణి అడుగుతుంది — "నింపుడా, చుట్టుడా?" నింపడమైతే ఘనపరిమాణం, చుట్టడమైతే వైశాల్యం. ఇవాళ అన్నీ ఒప్పే. కూరలో ఉప్పు మాత్రం మరిచాను.

ఏప్రిల్ 22
పరీక్ష రాశాను. మూత లేని తొట్టి, లోపలా బయటా రంగు. అడుగుభాగం ఒకసారా, రెండుసార్లా? రెండు వైపులా రంగు కదా… రెండుసార్లు కలిపాను. ఇంటికొచ్చి చెబితే శ్రావణి బొమ్మ గీసి చూసి మెడ చుట్టూ చేతులేసింది. "కరెక్టే చేసినవ్ అమ్మా!" మిగతా ప్రశ్నల గురించి అడగొద్దన్నాను.

మే 17
ఫలితాలు ఇంకా రాలేదు. పక్కింటి అరుణ వచ్చింది, చంకలో పాప. "అక్కా, నేను గూడ పది రాస్త. లెక్కలు ఎవరు చెప్తరు?"
నేను నోరు తెరిచేలోపే అత్తమ్మ — "మా కోడలు చెప్తది."
"నేనే పాసయ్యానో లేదో తెలియదు, అత్తమ్మా…"
"గా రిజల్టు వచ్చినప్పుడు వస్తది. నువ్వు చెప్పుడు షురూ చెయ్."
అరుణ రేపు సాయంత్రం వస్తానని వెళ్ళింది. భిన్నాలతో మొదలుపెట్టాలా, గుణకారాలతోనా… ఎంతవరకు చదివిందో అడగనే లేదు.